హీటర్ గది కిటికీ ఎవరు మూశారు?

"మా ఆయన ఎవ్వరినీ చంపబోలేదని మీరు తేల్చాలె మేడం. ఎల్లుండి లోపల తేల్చాలె."

నాచారం మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ షాపు పైనున్న ఆఫీసులోకి వచ్చిన స్నిగ్ధ కుర్చీలో కూర్చోకముందే ఆ మాట అనేసింది. చేతిలోని హెల్మెట్ ఇంకా కింద పెట్టనే లేదు.

ప్రైవేట్ డిటెక్టివ్ నీరజ ఆమెను కూర్చోమని సైగ చేసింది. నీరజది విజయనగరం. సగం జీవితం బీమా కంపెనీ తరఫున కాలిపోయిన గోడౌన్లు, దుకాణాలు పరిశీలించడంలోనే గడిచింది. బూడిద చూసి నిప్పు ఎక్కడ పుట్టిందో చెప్పగలదని ఆమెకు పేరు. ఓపిక బొత్తిగా లేదని అంతకంటే పెద్ద పేరు. ఆమె అసిస్టెంటు రంజిత్ మాత్రం మేడం తిట్టినా తీర్థం పుచ్చుకున్నట్టే ఉండేవాడు.

"మొదటినుంచి చెప్పమ్మా. ఏడుపు మధ్యలో కాదు, ముందో వెనకో పెట్టుకో," అంది నీరజ.

స్నిగ్ధ కళ్లు తుడుచుకుని చెప్పింది. ఆమె తండ్రి బసవరాజు రిటైరైన ఇంజనీరు. ఆయనకు పాత క్యాంపింగ్ హీటర్ల పిచ్చి. కొండల్లో గుడారాలు వేసుకునేవాళ్లు చలికి చేత పట్టుకుపోయే చిన్న కిరోసిన్ హీటర్లు, గ్యాస్ హీటర్లు ఎక్కడెక్కడివో తెప్పించి, తుప్పు వదిలించి, వెలిగించి చూసుకుంటాడు.

"హైదరాబాదులో హీటరా?" నీరజకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మా మమ్మీ గుడ గదే అంటది మేడం. డాడీ ఎప్పుడైనా బాల్కనీలనే ముట్టిస్తడు. పోయిన వారం మాత్రం పొద్దుగూకినంక లోపల, హీటర్ల గదిలనే ముట్టిచ్చిండు. మమ్మీ పోయి చూసేసరికి సోయి లేకుంట పడి ఉన్నడు. విషవాయువు ఎక్కిందన్నడు దవాఖానల డాక్టర్. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కకపోతుండె. నిన్ననే ఇంటికొచ్చిండు."

"ఇందులో మీ ఆయన పాత్రేమిటి?"

"కిటికీ జానెడు తెరిచి, నడుమ కట్టెమొద్దు పెట్టి కూసున్న అంటడు డాడీ. మమ్మీ పోయేసరికి కిటికీ మూసి, గడియ బిగిచ్చి ఉన్నది. నడుమల ఆ గదిలకు పోయింది నరేన్ ఒక్కడే. చాయ్ ఇయ్యనీకి. అంతకుముందే ఇద్దరికీ లొల్లయింది. 'ఈ డబ్బాలు ఏదో ఒకరోజు మీ ప్రాణం తీస్తాయి, తుక్కువాడికి వేసేయండి మామయ్యా' అన్నడు నరేన్. ఇప్పుడా మాటనే పట్టుకున్నది మమ్మీ. ఎల్లుండి మా మేనమామ కరీంనగర్ నుంచి వస్తడు. ఆయన్ను తోల్కొని పోలీస్ స్టేషన్‌కు పోతదట. నరేన్ చర్లపల్లిల రైల్వేల జేస్తడు. కేసయితే ఉద్యోగం ఉంటదా మేడం? మా సంసారం ఉంటదా?"

"మీ ఆయన మీద నీకు నమ్మకం ఉందా?"

"ఉన్నది మేడం. ఎందుకుండదు..." అంటూనే స్నిగ్ధ లేచి, పక్కనున్న కిటికీ రెక్క లాగి, గడియ పెట్టి వచ్చి కూర్చుంది. "గని మమ్మీ ఏడుస్తుంటే నాకేం సమజైతలేదు."

మూసిన గది నీరజకు సరిపడదు. రంజిత్ ముక్కు మూసుకుని వెళ్లి ఆ కిటికీ మళ్లీ తెరిచాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ నాచారంలోనే ఫ్యాక్టరీల వెనక ఉన్న బసవరాజు ఇంటికి వెళ్లారు. రెండో అంతస్తులో, బాల్కనీ పక్కనే చిన్న గది. అరల నిండా హీటర్లు. ఇత్తడి ట్యాంకులవి కొన్ని, పచ్చరంగు రేకువి కొన్ని, గాజు గొట్టం లోపల వత్తి కనపడేవి కొన్ని. ఒక్క దాని మీదా దుమ్ము లేదు. ఎదురు గోడ మీద పనిముట్లు మేకులకు వేలాడుతున్నాయి. ఏ మేకు దగ్గర ఏది ఉండాలో దాని ఆకారం గోడ మీద పెయింటుతో గీసి ఉంది. కిటికీకి పెట్టే కట్టెమొద్దు కూడా తన బొమ్మ మీదే వేలాడుతోంది.

"ఈ గదిలో ఏమైనా సర్దారా ఆ రోజు తర్వాత?" అడిగింది నీరజ.

"సర్దుడా! నేను కాలు పెడితే ఒట్టు," అంది శారద, బసవరాజు భార్య, గుమ్మం అవతలే నిలబడి. "నాకు ఈ గాసునూనె కంపంటేనే పడది."

"మీరు వచ్చేసరికి ఈ మొద్దు ఎక్కడుంది?"

"మొద్దేంది? నేను మొగని పానం చూస్తనా, మొద్దు చూస్తనా? ఉరికొచ్చి కిటికీ గడియ గుంజిన. బిగిచ్చి ఉండె. గా నరేన్ తప్ప ఇంకెవడు బిగిస్తడు?"

నీరజ బసవరాజు వైపు తిరిగింది. మనిషి ఇంకా నీరసంగానే ఉన్నాడు. హీటర్ల మాట ఎత్తగానే మాత్రం వెన్ను నిటారైంది.

"చూడు మేడం, నాకు పద్ధతులున్నయి. వెలుగుతుండగ నూనె పోయొద్దు. వత్తి మొన మాడితే కత్తిరియ్యాలె. గ్యాస్‌దైతే రబ్బరు పైపు సబ్బునీళ్లతోని లీకు చూడాలె. ముట్టిచ్చి నిద్రపోవద్దు. గదిల పెడితే కిటికీ జానెడు తెరిచి ఉండాలె. ఇవన్నీ నేను పదిమందికి చెప్పేటోణ్ణి. గసొంటిది నేను మూస్తనా?"

"విషవాయువు వస్తే మోగే అలారం లేదా?"

"ఉన్నది. బాల్కనీల. ముట్టిచ్చేది ఆడనే కద."

"మరి ఆ రోజు లోపల ఎందుకు ముట్టించారు?"

"బయట కూసోబుద్ధి కాలే."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం జెప్పాలె మేడం? కాలే. అంతే."

"చలా?"

"చలైతే హీటరుంది కద!"

నీరజకు ఒళ్లు మండింది. మెట్లు దిగుతూ, "ఈ ఇంట్లో మనుషులతో మాట్లాడటం కన్నా ఆ హీటర్లతో మాట్లాడటం నయం," అంది. రంజిత్ ఆ మాట మహా గొప్పగా ఉందన్నట్టు తలూపాడు.

నరేన్ ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కన టీ కొట్టు దగ్గర దొరికాడు. అత్తగారు ఇంట్లోకి రానివ్వనందుకు స్నేహితుడి గదిలో ఉంటున్నాడు. గడ్డం మాసింది, కళ్లు లోపలికి పోయాయి.

"నేను కిటికీ వైపే చూడలేదండీ. టీ పెట్టాను, వచ్చేశాను. ఎన్నిసార్లు చెప్పాలి? ఎవరికి చెప్పినా గోడకు చెప్పినట్టే ఉంది," అన్నాడు.

"కట్టెమొద్దు ఏ మేకుకు తగిలిస్తారో తెలుసా?"

"ఆ గోడ జోలికి నేను వెళ్లనండీ. ఓసారి స్క్రూడ్రైవర్ తప్పు మేకుకు తగిలించానని మామయ్య భోజనం అయ్యేదాకా క్లాసు పీకారు. ఆ మొద్దుకో మేకుందన్న సంగతే ఇప్పుడు మీరంటే తెలిసింది."

"స్నిగ్ధ మీ వైపే ఉందిగా?"

నరేన్ ఖాళీ గ్లాసును టీ కొట్టు బల్ల మీద పెట్టాడు. "అది ఆమెనే అడగండి," అన్నాడు.

నీరజ బండిని నాచారం వైపు తిప్పింది. ఆఫీసు ముందు బండి ఆపి, "ఈ సాయంత్రం అందర్నీ ఆ గదిలోకి పిలువు. పొద్దుగూకేసరికి ఉండాలి. అల్లుణ్ని కూడా," అంది.

"ఎవరో తెలిసిపోయిందా మేడం?" రంజిత్ కళ్లు మెరిశాయి.

"తెలిసింది. చెబితే నమ్మే మనుషులేనా వాళ్లు?"

సాయంత్రం అందరూ చేరారు. నరేన్‌ను శారద లోపలికి రానివ్వలేదు. అతను తలుపు బయట, మెట్ల దగ్గరే నిలబడ్డాడు. నీరజ కిటికీ జానెడు తెరిపించి, మొద్దు పెట్టించి, బసవరాజును హీటర్ల గురించి మాట్లాడమంది. ఆయనకు అంతకన్నా ఏం కావాలి! వత్తుల చరిత్ర మొదలుపెట్టాడు. నీరజ వింటున్నట్టు తలాడిస్తూ మాటిమాటికీ కిటికీ వైపే చూసింది. చీకటి పడింది. చల్లగా మంచి గాలి వస్తోంది. ఎవరూ కదల్లేదు. బసవరాజు మూడో హీటరు కూడా విప్పి చూపించాడు.

"ఏం మేడం, ఎవడు జేసిండో చెప్తవని పిలిచి గీ ముచ్చట్లు వినబెడుతున్నవా?" అని లేచింది శారద. "మేం మీకు తమాషా లెక్క కనబడుతున్నమా?"

నీరజ ముఖం ఎర్రబడింది. "రేపు ఇదే వేళకు మళ్లీ వస్తాను," అని మాత్రం అంది.

"రేపు మా తమ్ముడొస్తడు. నేను స్టేషన్‌కు పోతా."

"పొద్దుగూకేదాకా ఆగండి. ఆ తర్వాత మీ ఇష్టం."

కిందికి వచ్చాక ఆమె బండిని కాలితో తన్నింది. బండి పడింది. రంజిత్ లేపాడు. తన మేడం అందర్నీ పోగేసి ఏమీ చెప్పకుండా వచ్చేయడం అతను ఎన్నడూ చూడలేదు. అయినా ఆమె తెలివి మీద నమ్మకం వదులుకోలేదు, పాపం.

మర్నాడు మళ్లీ అదే గది, అదే మనుషులు. నరేన్ మళ్లీ తలుపు బయట, మెట్ల దగ్గరే. శారద చెప్పులు వేసుకుని, సంచి చంకన పెట్టుకుని, తమ్ముడు దిగగానే స్టేషన్‌కు పోవడానికి సిద్ధంగా ఉంది. కిటికీ జానెడు తెరిచి ఉంది.

"బసవరాజు గారూ, ఆ రోజు కిటికీ మీరే మూసి ఉంటారని నా అనుమానం," అంది నీరజ, కావాలనే.

బసవరాజు భగ్గుమన్నాడు. "నేనా? ఏం మాట్లాడుతున్నవమ్మా? నలభై ఏండ్ల ఇంజనీరును. కిటికీ మూస్తే ఆక్సిజన్ తక్కువైతది, మంట సక్కగ మండది, విషం పుడతదని చిన్న పోరలకు గుడ చెప్పేటోణ్ణి..."

అప్పుడు వచ్చింది. ఫ్యాక్టరీల వైపు నుంచి, కుళ్లిన గుడ్లూ మందులూ కలిపి ఉడికించినట్టుండే వాసన. నీరజ మాట్లాడవద్దని రంజిత్‌కు, స్నిగ్ధకు వేలు చూపించింది.

"...గసొంటి నేను, నా పానం మీదికి నేనే తెచ్చుకుంటనా?" అంటూ బసవరాజు లేచాడు. కిటికీలోంచి మొద్దు తీశాడు. రెక్క లాగి గడియ బిగించాడు. "సచ్చినా మూయను. పిల్లనిచ్చిన మామను గనక అల్లుని మీద పేరు పెడ్తలేను, గని మూసింది మాత్రం నేను కాదు." మొద్దును దాని మేకుకు తగిలించాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "చెప్పుండ్రి ఇప్పుడు. ఎవడు మూసిండు?"

శారద చంకలోని సంచి జారి కింద పడింది. అందరూ ఎటు చూస్తున్నారో ఆయనా అటు చూశాడు. కిటికీని, తర్వాత మేకును, తర్వాత తన చేతుల్ని.

"నేనేనా?" అన్నాడు.

"మీరే," అంది నీరజ. ఆమె గొంతులో కోపం తగ్గింది. "నాకు మొదట అనుమానం తెప్పించింది మీ అమ్మాయి. నా ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి కిటికీ మూసింది. మూసినట్టు తనకే తెలియదు. ఇక్కడ పెరిగినవాళ్ల చేతులకు అలవాటది. వాసన రాగానే అవే లేస్తాయి. ఆ రోజు వాసనకే మీరు బాల్కనీ వదిలి లోపలికొచ్చారు. అయినా పద్ధతి ప్రకారం కిటికీ తెరిచారు, మొద్దు పెట్టారు. నరేన్ టీ ఇచ్చి వెళ్లాడు. వాసన పెరిగింది. చెయ్యి లేచింది. మొద్దు సరిగ్గా దాని మేకుకు వెళ్లింది. ఈ ఇంట్లో అలా తగిలించే మనిషి మీరొక్కరే. బయట ఎందుకు కూర్చోలేదని ఎన్నిసార్లు అడిగాను! ఒక్కరన్నా వాసన అన్న మాట ఎత్తారా? ఎత్తరు. మీకది లెక్కే కాదు. మొన్నటి నుంచి నా బుర్ర తినేశారు కదండీ!"

బసవరాజు లేచి కిటికీ గడియ తీశాడు. వాసన గదంతా నిండింది. ఆయన అక్కడే నిలబడి దాన్ని పీలుస్తూ ఉండిపోయాడు. "అల్లునికి నా మొఖం ఎట్ల చూపియ్యాలె?" అన్నాడు.

శారద గుమ్మం దగ్గరికి వెళ్లింది. "బిడ్డా, లోపలికి రా. వాడకట్టంత నిన్ను హంతకుడని చెప్పిన. నా నోరు పడిపోను. రా బిడ్డా."

నరేన్ కదల్లేదు. "మీరన్నదానికి నాకు కోపం లేదత్తయ్యా. మామయ్య మీ కళ్లముందు పడి ఉన్నారు, ఆ బాధలో అన్నారు. స్నిగ్ధ అడిగింది నన్ను. 'నువ్వే మూసినవా?' అని. హాస్పిటల్ కారిడార్‌లో, నా కళ్లలోకి చూసి అడిగింది."

అతను మెట్లు దిగడం మొదలుపెట్టాడు. స్నిగ్ధ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తింది.

"అడిగిన. అవు, అడిగిన! మా డాడీ సచ్చిపోతడని భయమైంది నరేన్. భయంల నోట్లెకెళ్లి అట్ల వచ్చింది. తిట్టు. ఇంత కోపముంటే తిట్టు, గని ఇట్ల పోకు."

"తిట్టే ఓపిక కూడా లేదు స్నిగ్ధా," అన్నాడు నరేన్. అని, సగం మెట్ల మీద కూలబడ్డాడు. ఆమె వచ్చి అతని వెనక మెట్టు మీద కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. లేచి వెళ్లనూ లేదు.

నీరజ, రంజిత్ పై మెట్టు దగ్గరే ఆగిపోయారు. ఆ మెట్లు సన్నం, పక్కనుంచి పోవడానికి దారి లేదు.

"జర జరుగమని చెప్పాల్నా మేడం?" గుసగుసగా అడిగాడు రంజిత్.

"నోర్ముయ్. కూర్చోనీ వాళ్లని," అంది నీరజ. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని తనూ పై మెట్టు మీద కూర్చుంది.