గడప మీద సగం రొట్టె

తలుపు తీసిన సింధుజ వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. గడప మీద ఇవాళ కూడా సగం రొట్టె ఉంది. ఆదివారం వస్తే చాలు, ఇదే వరస. చుట్టూ ఒక్క చీమ లేదు. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

ఆమె చెయ్యి కడుపు మీదికి పోయింది. బిడ్డ కదలడం ఈమధ్యే మొదలైంది. ఇలాంటివి గడప మీద కనబడితే తమ ఊరు హిమాయత్‌నగర్‌లో ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. చేతబడి! ప్రార్థన చేసుకునే ఇంట్లో ఆ భయమేమిటని అడగకండి. మనిషి బాప్తిస్మం తీసుకున్నా భయం తీసుకోదు కదా.

ఆ ఇంట్లో ఇద్దరు యారాళ్లు, అన్నదమ్ముల భార్యలు. పెద్దామె అరుణమ్మది ఊళ్లోని పాత చర్చి. సింధుజది చేవెళ్ల రోడ్డు మీద కొత్తగా కట్టిన ప్రార్థన మందిరం. మామ స్వామిదాసు ఆఖరి ఘడియల్లో ఉండగానే, సమాధి కార్యక్రమం ఏ పాస్టరు చేయాలని ఇద్దరూ వసారాలో తగవు పడ్డారు. అప్పటి నుంచి వంటిళ్లు రెండయ్యాయి, మాటలు బందయ్యాయి. ఒకే దేవుడికి మొక్కుతూ ఒకరి మొహం ఒకరు చూడరు, ఎంత సిగ్గుచేటు! మామ పోయినా అత్త ధనమ్మ నడిమి గదిలో ఆయన ఖాళీ మంచం పక్కనే చాప మీద పడుకుంటోంది.

అన్నదమ్ములిద్దరూ చందనవెల్లి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి ఇంకా రాలేదు. సింధుజ రొట్టెను చున్నీతో పట్టుకుని పెద్దామె గుమ్మం ముందు నిలబడింది.

"నా కడుపు మీద ఏం కోపమక్కా నీకు? గడప మీద ఇది పెడ్తవా? ఇయ్యాల్నే సామాను సదురుకుంట. మొయినాబాద్‌ల కిరాయికుంటం. మల్ల ఈ ఇంట్ల అడుగు పెట్టం!"

అరుణమ్మ బయటికి వచ్చింది. ఆమె మొహమూ పాలిపోయి ఉంది. చేతిలో ఇంకో రొట్టె ముక్క ఉంది.

"నేను పెట్టుడేంది? నువ్వే పెడ్తున్నవని నాకు నిద్ర పడ్తలేదు. మీ మందిరంల గిదేనా నేర్పేది?"

"దేవుని తోడు, నాకెర్కలేదు."

అరుణమ్మ తన ముక్కను సింధుజ ముక్క పక్కన పెట్టి చూసింది. అంచుకు అంచు అతికింది. రెండూ ఒకే రొట్టెవి. నడుమ మాత్రం ఒక ముద్దంత ఖాళీ ఉంది.

అప్పుడు నడిమి గదిలోంచి దగ్గు వినిపించింది. అచ్చం స్వామిదాసు దగ్గే. సింధుజ గబుక్కున యారాలి చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ తలుపు తోశారు. మంచం ఖాళీగా ఉంది. దాని ముందు మోకాళ్ల మీద ధనమ్మ, చేతుల నిండా పిండి.

"నువ్వా అత్తమ్మా! ఎందుకు గిట్ల భయపెడ్తున్నవ్?" అంది అరుణమ్మ.

"చేతికిస్తె తీస్కుంటరా బిడ్డా? గందుకే గడప మీద పెట్టిన. మీ లొల్లి మామ చెవుల పడ్డది. పానం పోయేటప్పుడు ఒక్కటే అన్నడు, ఇద్దరికీ ఒక్క రొట్టె పెట్టుమని. అప్పటిసంది చర్చిల ప్రభువు బల్ల కాడ నేను రొట్టె తీసుకుంటలేను. ఇంట్ల కలువనోళ్ల తల్లిని, ఏ మొఖంతోటి తీసుకోవాలె?"

"నడుమ ముద్ద నువ్వు తిన్నవా?" అంది అరుణమ్మ.

"నేను ఇరుసుడు గూడ లేదు. పెనం మీదికెల్లి తీసి ఆయన మంచం మీద పెట్టి కండ్లు మూసుకుంట. ఆమెన్ అని తెరిచేవరకు ఇరిగి ఉంటది. ఆ ముద్ద ఉండదు."

"మరి ఇప్పుడు దగ్గింది?" అడిగింది సింధుజ.

"నేను గాదు."

మంచం మీది దుప్పటి మధ్యలో గుంత పడి ఉంది, మనిషి ఇప్పుడే లేచినట్టు.

అరుణమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. "చావు బతుకుల్ల ఉన్న మనిషి వినంగ కొట్లాడినం గద చెల్లె!" అంటూ తన ముక్క తుంచి సింధుజ నోటికి అందించింది. "తిను, భయపడకు. కడుపుతోటి ఉన్నదానివి, మమ్ములను ఇడిచి యాడికి పోతవ్?"

సింధుజ తింది. తన ముక్క తుంచి అక్క నోట్లో పెట్టింది. ఇద్దరి చెంపలూ తడిసిపోయాయి.

ధనమ్మ వాళ్లనే చూస్తూ చిన్నపిల్లలా నోరు తెరిచింది.

"ఇగ నాకు గూడ పెట్టున్రి బిడ్డా. శాన దినాలాయె."

ఇద్దరూ చెరో తుంపు ఆమె నోట్లో పెట్టారు. ముసలామె నమలలేక, ఏడుపు ఆపుకోలేక చాలాసేపు అలాగే కూర్చుంది.