ఆఖరి వరుసలో తెల్ల కారు

"ముందుగాల పోతరా, ఆఖరి బాల్ దాంక ఉంటరా?"

కారు అద్దం దించిన హృషికేశ్‌ను ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. మెడలో విజిల్, నెత్తిన టోపీ, చేతిలో సుద్దముక్క. ఎండకి కళ్ళు చిట్లించి చూస్తోంది. ఆమె చూసింది కారు బంపర్‌ని. మనవాడు మాత్రం తననే అనుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ కుర్రాళ్ళకి ఈ జబ్బు మామూలే.

మ్యాచ్ రోజున ఉప్పల్ స్టేడియం చుట్టుపక్కల సందుల్లో ఖాళీగా ఉన్న ప్రతి జాగా పార్కింగ్ అయిపోతుంది. ఈ జాగాకి మాత్రం ఒక పద్ధతుంది. మ్యాచ్ అవకముందే లేచి వెళ్ళేవాళ్ళ కార్లు గేటు దగ్గర. చివరిదాకా కూర్చునేవాళ్ళవి లోపల, గోడ వైపు. వరుసల మధ్య చెయ్యి పట్టే సందు కూడా ఉండదు. అడిగినప్పుడు ఏం చెబితే ఆ గుర్తు టైరు మీద పడుతుంది. ఆ తర్వాత మాట మార్చడానికి లేదు.

నిజం చెప్పాలంటే హృషికేశ్ ఇంట్లో ఆఖరి బంతి చూసిన మనిషి లేడు. వాళ్ళ నాన్న నరసింహమూర్తి గారు హబ్సిగూడలో ఉన్న పరిశోధనా సంస్థలో రాళ్ళని పరీక్షించి రిటైరైన మనిషి. క్రికెట్ అంటే ప్రాణం, ట్రాఫిక్ అంటే ప్రాణభయం. రెండో ఇన్నింగ్స్‌లో పదిహేడో ఓవర్ అవగానే లేచి నిలబడతారు. నాలుగు బంతుల్లో ఆరు పరుగులు కావాల్సిన మ్యాచ్‌లు కూడా ఆయన ఇంటిదారిలో కారు రేడియోలోనే పూర్తిచేశారు.

ఆ రోజు ఆయన రాలేదు. మోకాలికి ఆపరేషనై ఇంట్లో ఉన్నారు. కొడుకుకి స్వేచ్ఛ వచ్చింది, దాంతోపాటు కాస్త పొగరు కూడా వచ్చింది.

"ఆఖరి బాల్ దాకా అండీ! మధ్యలో లేచిపోయే రకం కాదు మేము."

"శభాష్" అంది ఆ అమ్మాయి, నవ్వకుండానే. టైరు మీద సుద్దతో గీత గీసింది. "లోపలికి పోనియ్యున్రి. గోడకాడ."

పదిహేడో ఓవర్ అయింది. పక్కన నాన్న లేడు, లెమ్మన్న వాళ్ళు లేరు. కాళ్ళే లేచాయి. చిన్నప్పట్నుంచీ అలవాటైన కాళ్ళు కదా, మెట్లు దిగి, గేటు దాటి, సందులో నడిచి, జాగా దగ్గరికి వచ్చాక గానీ హృషికేశ్‌కి సంగతి గుర్తు రాలేదు.

"కారు తీయాలండీ" అన్నాడు.

"ఏ కారు?"

"అదిగో, ఆ తెల్లది."

ఆమె తెల్ల కారు వంక చూసింది. దాని ముందున్న నాలుగు వరుసల వంక చూసింది. తర్వాత ఈయన గారి మొహం చూసింది.

"ఆఖరి బాల్ దాంక అని మీరే గద చెప్పిన్రు?"

"చెప్పాను. కానీ వచ్చేశాను."

"మీరు వచ్చిన్రు. మీ ముంగటున్న ఇరవై నాలుగు కార్లోళ్ళు రావొద్దా? వాళ్ళు చెప్పిన మాట మీదనే ఉన్నరు."

"ఏదో ఒకటి చేయండి, ప్లీజ్."

"ఎత్తుకపోతరా? మస్తు బరువుంటది మరి."

ఇంక చేసేదేం లేక ఆమె చూపించిన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి బీడీ లేని చేతిని నోటిదాకా తీసుకెళ్ళి దించుకుంటున్నాడు. పేరు హన్మయ్య. ఈ అమ్మాయి తండ్రి. నాచారంలో ఫ్యాక్టరీ పనికి వెళ్ళి వెళ్ళి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాక, ఈ జాగాకి కాపలాగా, మూలనున్న రెండు గదుల్లో ఉంటున్నాడు. గట్టిగా నాలుగడుగులు వేస్తే ఆయాసం. అందుకే మ్యాచ్ రోజున విజిల్ కూతురి మెడలో ఉంటుంది. కూతురి పేరు గౌతమి. మిగతా రోజుల్లో నాచారంలోనే ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్.

స్టేడియంలో అరుపు లేచింది.

"ఫోర్" అంది గౌతమి.

"మీకెలా తెలుసు?"

"సిక్స్ అయితే చప్పుడు మీదికి లేస్తది. ఫోర్ అయితే గిట్ల పక్కకు ఉరుకుతది."

"మరి మన బ్యాట్స్‌మన్ అవుటైతే?"

"కరెంటు పోయినట్టు అయితది."

హృషికేశ్ ఫోన్ తీసి చూశాడు. ఫోరే. అతను రెండు వేల రూపాయల సీట్లో కూర్చుని కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

"లోపలికెళ్ళి ఎప్పుడూ చూడలేదా?"

"నేను లోపలికి పోతే మీ కార్లు ఎవరు తీస్తరు?"

తెల్ల కారు బయటపడేసరికి గంట పైనే అయింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఇంకో ముప్పావుగంట ఇరుక్కున్నాడు. ముందున్న బస్సు పొగంతా మొహాన కొడుతున్నా మనవాడికి హాయిగానే ఉంది. ఎందుకుందో అప్పుడే తెలిసిపోయింది కూడా. కొందరికి ప్రేమించానని తెలియడానికి ఏడాది పడుతుంది. వీడికి అది తెలియడానికి ఒక ట్రాఫిక్ జామ్ చాలింది. చెప్పడానికి మాత్రం సీజనంతా పట్టింది.

తర్వాతి మ్యాచ్‌కి నరసింహమూర్తి గారు చేతికర్ర పట్టుకుని వచ్చేశారు.

"ముందుగాల పోతరా, ఆఖరి బాల్ దాంకనా?" అడిగింది గౌతమి.

"పదిహేడో ఓవర్" అన్నారు తండ్రి.

"ఆఖరి బాల్" అన్నాడు కొడుకు.

"ఒరేయ్! ఎప్పుడు చూశాంరా ఆఖరి బాల్?"

"గేటు దగ్గర ఎండ నాన్నా. కారు కాలిపోతుంది."

"గోడ దగ్గర మాత్రం నీడుందా?"

లేదు. గోడ దగ్గరా ఎండే. గౌతమి పెదవి కొరుక్కుని టైరు మీద గీత గీసింది.

పదిహేడో ఓవర్ అవగానే తండ్రీ కొడుకూ పద్ధతి ప్రకారం లేచారు. పద్ధతి ప్రకారం వచ్చారు. వచ్చి, కారు కదలదు కాబట్టి కుర్చీల్లో కూర్చున్నారు. కొడుకుని తిట్టడం పూర్తయ్యాక నరసింహమూర్తి గారికి ఏమీ తోచక హన్మయ్యని పలకరించారు.

"ఇక్కడ నీళ్ళెలా ఉన్నాయండీ?"

"ఏం నీళ్ళు సార్, రెండు బోర్లు ఏసిన్రు. దుమ్ము తప్ప సుక్క రాలె."

అంతే. రాళ్ళ మనిషికి ప్రాణం లేచొచ్చింది. కింద ఏ రాయుంది, పగుళ్ళు ఎటు పోతాయి, మూడో బోరు ఎక్కడ వేస్తే పడుతుంది, అన్నీ చేతికర్రతో నేల మీద గీసి చెప్పారు. హన్మయ్య కూడా మధ్యలో ఆపకుండా విన్నాడు. అలా వినేవాళ్ళు నరసింహమూర్తి గారికి ఇంట్లో కూడా లేరు.

తర్వాతి మ్యాచ్‌లన్నీ అలాగే జరిగాయి. ముందు లేచేదీ వీళ్ళే, చివర్న వెళ్ళేదీ వీళ్ళే.

"గేటుకాడ జాగుంది, పెట్టుకోరాదున్రి" అని గౌతమి ఏడిపించేది.

"వద్దండీ, మాకు గోడే బాగుంది."

"గోడకేముంది గంత బాగుండనీకి?"

ఇక్కడ ఎవరైనా తెలివైనవాడు ఒక మాట అనేవాడు. హృషికేశ్ "గాలి బాగా వస్తుంది" అన్నాడు. గోడ పక్కన గాలి! ఆమె టోపీ కిందికి లాక్కుని అటు తిరిగి నవ్వుకుంది. ఆ గంటలో వాళ్ళు బిస్కెట్ల గురించి మాట్లాడుకున్నారు, మౌలాలి గుట్ట మీంచి స్టేడియం లైట్లు కనిపిస్తాయా లేదా అని వాదించుకున్నారు, ఒకే గ్లాసులోంచి రెండు కప్పుల్లో చాయ్ పంచుకున్నారు. అసలు మాట గొంతుదాకా వచ్చేది. సరిగ్గా అప్పుడే ఎవడో హారన్ కొట్టేవాడు.

ఆఖరి మ్యాచ్‌కి ముందు మ్యాచ్ రోజున గౌతమి ఏడిపించలేదు. కుర్చీలో కూర్చుని సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతోంది.

"జనగామ నుంచి సంబంధం వచ్చింది" అంది. "పిలగాడు మంచోడే అంటున్నరు. వచ్చే ఆదివారం ఆఖరి మ్యాచ్ గద. మర్నాడు సోమవారం వాళ్ళకు జవాబు చెప్పాలె."

"మీరేం చెబుతారు?"

"వద్దు అననీకి ఏదన్న కారణం ఉండాలె గద." అని తలెత్తి సూటిగా చూసింది.

అంతకంటే ఏ ఆడపిల్ల ఏం చెబుతుంది? హృషికేశ్‌కి అర్థమైంది. అర్థమవడం వల్లే భయమేసింది. "అవును, ఉండాలి" అన్నాడు. అని, లేచి వెళ్ళి కారులో కూర్చున్నాడు. ఆ కారు ముందు ఇంకా రెండు వరుసల కార్లున్నాయి. అరగంట సేపు స్టీరింగ్ పట్టుకుని అలా కూర్చున్న ఆ మొహాన్ని చూస్తే మీరైతే ఏం చేసేవారో గానీ, నాకైతే అద్దం దింపించి రెండు వేయాలనిపించింది.

ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు. ఆఫీసులో చేయాల్సిన పని చేశాడు, పంపకూడని మెయిల్ కూడా ఒకటి పంపాడు. తాను లేచి వచ్చేసేది ట్రాఫిక్ వల్ల కాదని ఆ వారంలోనే అతనికి తెలిసింది. ఏదైనా తేలిపోయే క్షణం దగ్గరికొస్తే చాలు, ఓడిపోతామేమోనని ముందే లేస్తాడు. ఈసారి లేస్తే గౌతమి మిగలదు.

ఆదివారం మూడు టికెట్లు పట్టుకుని హన్మయ్య ముందు నిలబడ్డాడు.

"ఒక్కసారి గౌతమి గారిని లోపలికి తీసుకెళ్తామండీ. నాన్న కూడా ఉంటారు."

హన్మయ్య కూతురి మొహం చూశాడు. "పోయి రా బిడ్డా. కార్లు వచ్చేటప్పుడు నేను చూస్కుంట. పదిహేడో ఓవర్‌కల్లా వచ్చెయ్యి. జనం ఒక్కపారి ఇడిస్తే నా దమ్ము సాలది."

లోపల గౌతమి మొదటి పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడటం ఆపలేదు. "గీడ గడ్డి గింత పచ్చగుంటదా!" అంది. సిక్స్ పడితే అందరితోపాటు లేచి అరిచి, అరిచినందుకు సిగ్గుపడి, పక్కకి చూసి మళ్ళీ అరిచింది. హృషికేశ్ మ్యాచ్ చూడటం మానేశాడు. అతని లెక్క తేలిక. ఆఖరి బంతి పడగానే చెప్పేయాలి.

పదిహేడో ఓవర్ అయింది. ఎడమ పక్కన నరసింహమూర్తి గారు లేచారు. కుడి పక్కన గౌతమి లేచింది.

"ఇంకో మూడు ఓవర్లేనండీ!" అన్నాడు హృషికేశ్ బతిమాలుతూ.

"మా నాయిన ఒక్కడే ఉన్నడు. మబ్బు పట్టింది సూడున్రి. వాన పడితే అందరు ఒక్కపారే ఉరుకుతరు. మీరు కూసోండి, నేను పోత."

ఒక చినుకు ఆమె టోపీ అంచు మీద పడింది. హృషికేశ్ ఇంకేం ఆలోచించలేదు. లేచాడు.

వాళ్ళు జాగా చేరేసరికి వాన దంచుతోంది. మ్యాచ్ ఆగిందో సాగుతోందో పట్టించుకునే తీరిక లేదు. ముందు పోతామన్నవాళ్ళు, ఆఖరిదాకా ఉంటామన్నవాళ్ళు, అందరూ ఒక్కసారే వచ్చి పడ్డారు. గౌతమి గేటు దగ్గర నిలబడి విజిల్ ఊదుతోంది. గోడ వైపు మనవాడు నిలబడ్డాడు.

"ఏయ్ భయ్యా, ఎడమకంటవ్, కుడికి చెయ్యి చూపిస్తవ్! డ్రైవింగ్ వచ్చా నీకు?" అని ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన కారు బురదలో దిగబడితే హృషికేశ్ వెనకనుంచి తోశాడు. చక్రం విదిల్చిన బురదంతా చొక్కా మీదికి వచ్చింది. గౌతమి దూరం నుంచే చూసి, విజిల్ నోట్లో ఉండగానే నవ్వేసింది. ఆ నవ్వుకి విజిల్ కూడా సగం మోగింది.

గంటన్నర పట్టింది. వాన తగ్గింది. జాగా అంతా ఖాళీ అయి, గోడ పక్కన తెల్ల కారు ఒక్కటే మిగిలింది. రేకుల కింద కుర్చీల్లో పెద్దవాళ్ళిద్దరూ ఉన్నారు.

"ఇగ మీరు పోవచ్చు" అంది గౌతమి, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ. "రోడ్డు కూడా ఖాళీ అయింది." ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో నవ్వు లేదు.

నరసింహమూర్తి గారు చేతికర్ర అందుకుని లేవబోయారు.

"కూర్చోండి నాన్నా. నేను చెప్పాల్సింది ఒకటుంది." హృషికేశ్ గౌతమి వైపు తిరిగాడు. "గౌతమి గారూ, జనగామ వాళ్ళకి వద్దని చెప్పండి. కారణం నేను. మీరంటే నాకు ప్రేమ. మొదటి రోజు నుంచీ. పోయిన వారమే చెప్పాలి, భయపడి కారులోకి పారిపోయాను. మీరు కాదంటారేమోనని ఇప్పుడూ భయంగానే ఉంది. అయినా వెళ్ళను."

హన్మయ్యకి దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక నరసింహమూర్తి గారి వైపు తిరిగాడు. "సార్, మేము ఒకల జాగకు కాపలా ఉండెటోళ్ళం. పిల్లలు ఎన్నన్న అంటరు. మీరు పెద్దలు, మీరు చెప్పున్రి."

"ఏం చెప్పమంటారు హన్మయ్యగారూ? ఇరవై ఏళ్ళు గేటు పక్కన తప్ప కారు పెట్టనివ్వని వాణ్ణి. ఇన్ని మ్యాచ్‌లు గోడ దగ్గర పెడుతుంటే నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నాననుకున్నారు? మూడో మ్యాచ్‌కే ఇంట్లో మా ఆవిడ తారామణికి చెప్పాను. మీ అబ్బాయి నోరు విప్పితే మనం వెళ్ళి అడుగుదాం అంది ఆవిడ. వీడు విప్పడే!"

హృషికేశ్ తండ్రి వంక నోరు తెరుచుకుని చూశాడు. ఆయన చేతికర్ర చివర బురద తుడుచుకునే పనిలో పడ్డారు.

హన్మయ్య కూతురి వైపు చూశాడు. "బిడ్డా, నువ్వేమంటవ్?"

గౌతమి కళ్ళు తుడుచుకుంది. వాన నీళ్ళే అని ఎవరైనా అనుకోవాలంటే వాన ఎప్పుడో ఆగిపోయింది.

"నాయినా, సోమవారం దాంక ఎందుకు" అంది. "జనగామోళ్ళకు ఇప్పుడే ఫోన్ జెయ్."

హన్మయ్య ఫోన్ వెతుక్కుంటూ గదిలోకి వెళ్ళాడు. నరసింహమూర్తి గారు మూడో బోరు పాయింటు ఇంకోసారి చూడాలంటూ, ఎవరూ అడక్కుండానే జాగా అవతలి మూలకి నడిచారు.

ఇద్దరే మిగిలారు.

"రేపు ఆరింటికి నా డ్యూటీ అయిపోతది" అంది గౌతమి నేల చూపులు చూస్తూ. "ఫ్యాక్టరీ గేటుకాడికి రా. బండి మీద రా, కారు తేకు. ఆ టైముకు నాచారం రోడ్డు మస్తు జామ్ ఉంటది, గంటల కొద్దీ ఇరుక్కపోతం."

అతన్ని ఆమె నువ్వు అనడం అదే మొదటిసారి.

"అయితే కారే తెస్తాను" అన్నాడు హృషికేశ్.