మూడో అంతస్తులో లేని పేరు

ఆ ఆఫీసులో మూడో అంతస్తు చివరి గది పేరెత్తితే చాలు, ప్రోగ్రామర్లు మాట మార్చేస్తారు. అక్కడి సర్వర్‌కి దెయ్యం పట్టిందట. కింద బ్రౌజర్‌లో గుర్రంలా పరిగెత్తిన కోడ్ ఆ గదికి చేరగానే... చచ్చి పడుతుందట.

పిల్లల కోసం పన్నెండేళ్ళ కిందట ఉద్యోగం మానేసి, మళ్ళీ అదే ఆఫీసులో చేరిందొకావిడ. ఓ సాయంత్రం ఆ గదిలో తన కోడ్ నడిపి చూపించాల్సిన వంతు ఆవిడకి వచ్చింది. కోడ్ నడిస్తే ఉద్యోగం ఖాయం. నడవకపోతే మర్నాటి నుంచి రానక్కర్లేదు.

బయట చీకటి పడింది. లోపల ఫ్యాన్ల హోరు. మీట నొక్కింది.

తెర ఎర్రబడింది.

'విండో? ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు.'

అంతలో వెనక నుంచి గుసగుస —

"అక్కా..."

ఆవిడ చటుక్కున వెనక్కి తిరిగింది. తీరా చూస్తే టీమ్ లీడరు. గడప అవతలే నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చుగా?"

"వద్దులెండక్కా. పిల్లలున్నవాణ్ణి."

"నాకు లేరూ?"

ఆవిడ మళ్ళీ తెర వైపు తిరిగింది.

"నా కోడ్ పిలిచిన విండో అనే పేరు బ్రౌజర్‌కి పుట్టుకతో తెలుసు. సర్వర్‌కి తెలీదు. మరి తప్పులు పట్టే చెకర్ ముందే ఎందుకు అరవలేదు?"

"జాబితాలో ఉందిగా..."

జాబితా! 'ఇదెవరు?' అని చెకర్ అరిస్తే, ఆ పేరుని 'మనవాళ్ళే' అనే జాబితాలో ఎక్కించి దాని నోరు మూయించడం ఆ ఆఫీసు ఆచారం. ఉండేది బ్రౌజర్‌లోనా, సర్వర్‌లోనా — ఎవరూ అడగరు. నాలుగు వందల పేర్లయ్యాయి. ఒక్కటి తీయాలన్నా అందరికీ వణుకే.

ఆవిడ ఒక్క లైను చేర్చింది — విండో ఉంటేనే పిలువు, లేకపోతే ఊరుకో. మళ్ళీ నొక్కింది.

ఒక క్షణం... రెండు...

తెర పచ్చబడింది.

"దెయ్యం వదిలిందక్కా! మీ ఉద్యోగం ఖాయం!" లీడరు ధైర్యం చేసి ఒక కాలు లోపల పెట్టాడు. "ఇంతకీ ఆ పేరు ఎక్కించిన మహానుభావుడెవరో చూడండి. రేపు మీటింగులో నిలబెట్టి కడిగేస్తాను."

ఆవిడ జాబితా తెరిచింది. విండో పక్కన తేదీ... పన్నెండేళ్ళ కిందటిది. ఎక్కించినవాళ్ళ పేరు చదివింది. మళ్ళీ చదివింది.

తన పేరే. పురిటి సెలవుకి ముందురోజు. కింద ఓ ముక్క కూడా రాసి ఉంది — 'తాత్కాలికం. రాగానే తీసేస్తాను.'

"ఎవరక్కా?"

ఆవిడ మెల్లగా తెర ఆర్పేసింది.

"ఆ పేరుగలవాళ్ళు... ఇక్కడెవరూ లేరు."