దాటిపోయిన పళ్ళెం

శనివారం పొద్దున్న ఏడు గంటలకు బేబీరాణి పిండి కలుపుతోంది. మర్నాడు నెలలో మొదటి ఆదివారం. చర్చిలో అందరూ పంచుకు తినే ప్రభువు బల్లకు రొట్టె ఆ ఇంటి నుంచే వెళ్తుంది. ముందు తల్లి యర్రమ్మ చేసేది. పక్షవాతం వచ్చి ఆవిడ కుడి చెయ్యి పడిపోయాక ఆ పని కూతురికి వచ్చింది. రొట్టె చేసేది బేబీరాణి. ఆ రొట్టె తిననిదీ బేబీరాణే.

"పల్చగా ఒత్తే. కిందటి నెల చెప్పు అట్టలాగ ఉంది," అంది యర్రమ్మ మంచం మీంచి.

"నేను తిన్నానా, నాకేటి తెలుసు?"

"అదే మరి. తిననోళ్ళు వండితే అలాగే ఉంటాది."

ఇద్దరూ నవ్వారు. ఎన్నోసార్లు అనుకున్న మాటే. దాని నొప్పి ఎప్పుడో పోయిందని యర్రమ్మ అనుకునేది.

పెరట్లో కుళాయి దగ్గర తండ్రి జోగులు గోడకు అద్దం ఆనించి గడ్డం గీసుకుంటున్నాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. దీవిలోని ఆ బతు బస్తీలో అతన్ని పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. సంఘ పెద్ద కాబట్టి అందరికీ పెద్దాయనే. ఆరాధనలో రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల్లో తిరిగేది అతనే. ఆడవాళ్ళ వైపు చివరి బెంచీకి వచ్చేసరికి కూతురు తల దించుకునేది. పళ్ళెం దాటిపోయేది.

ఇరవై రెండేళ్ళ వయసులో బేబీరాణి బోటు మీద పనిచేసే ఒకతనితో వెళ్ళిపోయింది. మెయిన్‌ల్యాండ్‌లో అతనికి పెళ్ళాం ఉందని ఎనిమిది నెలలకు తెలిసింది. తిరిగొచ్చింది. సంఘం కూర్చుని ఆమెను బల్ల నుంచి ఆపింది. అది జరిగి పదహారేళ్ళు.

గేటు చప్పుడైంది. పాస్టరు యుగంధర్ వచ్చాడు. కుర్రవాడు. విశాఖ నుంచి ఓడలో వచ్చి నాలుగు నెలలే అయింది.

"రొట్టె ఇంకా కాల్చలేదు అయ్యగారూ. సాయంత్రం నేనే తెస్తాను కదా," అంది బేబీరాణి.

"రొట్టె కోసం రాలేదక్కా. సభ్యుల పట్టిక కొత్తగా రాస్తున్నాను. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు బల్ల ఎందుకు తీసుకోరు?"

పిండిలో ఆమె చేతులు ఆగాయి. "నన్ను ఆపేసారు కదండీ."

"అది ఏడాది వరకే కదా?"

ఆమె తలెత్తి అతని వైపు చూసింది.

"పాత మినిట్స్ పుస్తకంలో చూశానక్కా. మరుసటి ఏడు ఈస్టర్‌కి ముందు కమిటీ మళ్ళీ కూర్చుంది. మీరు పశ్చాత్తాపపడ్డారు, బల్లకు రావచ్చు అని రాశారు. ఆ మాట మీకు చెప్పే పని..." అతను పెరటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "పెద్దాయన తీసుకున్నారు. సంతకం కూడా ఉంది."

మంచం మీద యర్రమ్మ లేవబోయి లేవలేకపోయింది. బేబీరాణి చేతులు కడుక్కోలేదు. "మీరెళ్ళండి అయ్యగారూ," అని అలాగే పెరట్లోకి నడిచింది.

జోగులు అంతా విన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద సబ్బు నురగ ఉంది.

"నిజమేనా నాన్నా?"

"గడ్డం గీసుకోనీ."

"గీసుకో. నిలబడతాను."

అతను రేజరు ఎత్తాడు. దాన్ని మగ్గులో పడేశాడు.

"చెప్దామనే అనుకున్నాను. వచ్చే ఈస్టర్‌కి చెప్దాంలే అనుకున్నాను. కమిటీవాళ్ళడిగితే నువ్వే రానంటున్నావన్నాను. నువ్వు బల్లకొస్తే జనం నీకేసి చూడరు, నాకేసి చూస్తారు. పెద్దాయన కూతురు కాబట్టి ఏడాదికే వదిలేసారంటారు. ఆ తర్వాత మరి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతావు కదేటి."

"పూర్ణచంద్ర గారొచ్చినప్పుడు?"

జోగులు కుళాయి వైపు చూశాడు. గరాచర్మలో వడ్రంగం చేసుకునే పూర్ణచంద్ర భార్య పోయిన రెండేళ్ళకు తనంతట తానే వచ్చి బేబీరాణిని అడిగాడు. దేవుడి బల్లకే పనికిరానిదాన్ని మీ ఇంటికేం పనికొస్తానండీ అని ఆమె పంపేసింది.

"ఆ రోజు నా పక్కనే కూర్చున్నావు. నేనన్న మాట విన్నావు. టీ తాగేవు."

"విన్నాను."

"బస్, అంతేనా?"

లోపల నుంచి యర్రమ్మ గొంతు లేచింది. "ఒరే ముసలోడా! నాకూ చెప్పలేదు కదరా! నా చెయ్యి పడిపోయింది కాబట్టి బతికిపోయావు!"

జోగులు చెంప మీద సబ్బు ఎండి తెల్లగా పొలుసులు కడుతోంది. తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"అంగన్‌వాడీ డ్యూటీలో పిల్లలు వచ్చి ఒళ్ళో కూర్చుంటే భయమేసేది నాన్నా," అంది బేబీరాణి. ఆమె గొంతు పెరగలేదు. "నా పాపం వాళ్ళకి అంటుకుంటాదేమోనని దింపేసేదాన్ని. దేవుడు నన్ను వద్దన్నాడనుకున్నాను. వద్దన్నది నువ్వు. ఆయన అనలేదు."

అనేశాక ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది. ఆయన అనలేదు. ఆయనకు మినిట్స్ పుస్తకం అక్కర్లేదు. కమిటీ రమ్మనక ముందే, ఫీనిక్స్ బేలో బోటు దిగి జెట్టీ మీద సంచీతో నిలబడి ఏడ్చిన రోజునే, ఆయన చేర్చుకుని ఉంటాడు. ఆ రోజు నుంచీ తను ఆ ఇంటి మనిషే. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాలని ఇన్నాళ్ళూ గుమ్మంలో కూర్చుండిపోయింది. చెయ్యి పట్టుకోవలసినవాడు ఎదురుగా సగం గడ్డంతో నిలబడి ఉన్నాడు.

ఆమెకు ఏడుపు వచ్చింది. అతని ముందు ఏడవడం ఇష్టం లేక లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పూట రొట్టె కాల్చింది. తల్లికి అన్నం కలిపి తినిపించింది. తండ్రికి కంచం పెట్టి మూత వేసింది. పిలవలేదు.

ఆదివారం ఆరాధనలో జోగులు పళ్ళెం ముట్టుకోలేదు. రొట్టె పంచే ముందు లేచి నిలబడి మూడు ముక్కల్లో చెప్పేశాడు. "నా కూతుర్ని సంఘం పదిహేనేళ్ళ కిందటే రమ్మంది. నేను చెప్పలేదు. పాపం నాది." తర్వాత వెళ్ళి మగవాళ్ళ వైపు చివరి బెంచీలో కూర్చున్నాడు. కాసేపటికి పాట మొదలైంది.

బేబీరాణి ఆడవాళ్ళ మధ్యలో కూర్చుంది. పాస్టరు పళ్ళెం తెచ్చాడు. ఆమె తల దించుకోలేదు. ముక్క తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. తుడుచుకోనూ లేదు.

పళ్ళెం మగవాళ్ళ వైపు వెళ్ళింది. చివరి బెంచీ దగ్గర జోగులు అడ్డంగా తల ఊపాడు. పాస్టరు ఒక క్షణం ఆగి ముందుకు అడుగేశాడు.

ఆమె చూసింది. ఊరుకుంటే సరిపోతుంది. ఈ నెల ఊరుకోవచ్చు, వచ్చే నెలా ఊరుకోవచ్చు. ఎవరూ తప్పనరు.

బేబీరాణి లేచి అటు వైపు నడిచింది. పాట ఆగింది.

"తీసుకో నాన్నా."

"నాకు యోగ్యత లేదే."

"నాకుందేటి?" అంది. "నిన్ను క్షమించానని చెప్పట్లేదు. ఇంకా నా వల్ల కాలేదు. ఎప్పటికవుతాదో తెలీదు. కానీ ఇది నేను పెట్టేది కాదు, ఆపడానికి. తీసుకో."

జోగులు రెండు చేతులూ చాపాడు. ముక్క వేళ్ళలోంచి రెండుసార్లు జారింది. మూడోసారి పాస్టరు అతని అరచేతిలో పెట్టి మూశాడు. ముసలివాడు తల వంచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

బేబీరాణి అతని భుజం మీద చెయ్యి వెయ్యలేదు. అతను నోట్లో పెట్టుకునేదాకా నిలబడి చూసి, వెనక్కి నడిచి, తన చోట్లో కూర్చుంది.