పెళ్ళిచూపుల టార్పాలిన్

“ఏమప్పా అచ్యుతా, ఈ పొగ ఈ పొద్దే పెట్టల్నా?”

పిట్టగోడ మీదుగా కుముద తల కనిపించింది. జడలో కనకాంబరాలు, కళ్ళలో నీళ్ళు. నీళ్ళకు కారణం పొగే అనుకున్నాడు అచ్యుత.

“అచ్చు కాల్తా ఉండాది. మధ్యలో ఆపేదానికి లేదు.”

“కోలారు నుంచి నన్ను చూసేదానికి వస్తా ఉండారు. అబ్బాయిది బ్యాంకు ఉద్యోగం.”

“బ్యాంకంటే మంచిదే గదా. పర్మనెంటు.”

కుముద అతన్ని కొలిమి కంటే వేడిగా చూసింది. “నీతో ఒక మాట చెప్పించల్లంటే నిన్ను కూడా అందులో పెట్టి కరిగించల్ల,” అని మాయమైంది.

అచ్యుత కుంభకోణంలో విగ్రహాలు పోతపోయడం నేర్చుకుని కేజీఎఫ్‌కు తిరిగొచ్చాడు. రాబర్ట్‌సన్‌పేటలో గని మేస్త్రీ గోవిందప్ప ఇంటి పక్క దొడ్డి అద్దెకు తీసుకున్నాడు. ఆ గోవిందప్ప కూతురే కుముద. కార్మికుల హాలుకు కంచుతో గని కార్మికుడి బొమ్మ చేయడం అతని మొదటి ఆర్డరు. మైనంతో ఆ బొమ్మ చేసినన్నాళ్ళూ కుముద గోడ దగ్గరికి ఫిర్యాదులు తెచ్చేది. మైనం కంపంటుంది. సుత్తి మోతంటుంది. ఫిర్యాదుతో పాటు ఒక గ్లాసు కాఫీ. అచ్యుత ఫిర్యాదుకు జవాబిచ్చేవాడు. కాఫీ ఎందుకని అడిగే ధైర్యం మాత్రం చేయలేదు.

మైనం బొమ్మ చుట్టూ మట్టి మెత్తి కాల్చడంతో ఇప్పుడు లోపలి మైనం కరిగి కారిపోయింది. బొమ్మ మట్టి అచ్చు లోపల ఖాళీగా మాత్రమే మిగిలింది. అచ్చు వేడిగా ఉండగానే కంచు పోయాలి. లోపల నీటిచుక్క పడిందా, అచ్చు పగులుతుంది, కంచు చిమ్ముతుంది. హాలువాళ్ళు ఆర్డరు బెంగళూరుకు ఇచ్చేస్తారు. అచ్యుత మళ్ళీ కుంభకోణం బస్సెక్కాలి.

సరిగ్గా అప్పుడే మారికుప్పం వైపు నుంచి వాన బయల్దేరింది.

“బచ్చప్పన్నా, అచ్చు మీద ఏదన్నా కప్పు.”

“యాడుండాది కప్పేదానికి? నా పంచె ఇప్పల్నా?” అన్నాడు కొలిమి ఊదే బచ్చప్ప.

గోడ అవతల, ఇల్లు చాలక వాకిట్లో కట్టిన టార్పాలిన్ కింద పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. కేసరిబాతు అయింది, బజ్జీలు నడుస్తున్నాయి. బచ్చప్ప మాట అందరికీ వినిపించింది.

“పాటలు వచ్చునా పాపా?” అడిగింది పెళ్ళికొడుకు తల్లి.

“పాటలు రావమ్మా. ముడులు విప్పేది వస్తుంది,” అని కుముద లేచి తాళ్ళు లాగేసింది.

టార్పాలిన్ ఊడింది. వాన బజ్జీల మీదా, బ్యాంకు మీదా సమానంగా కురిసింది.

పట్టుచీర ఎగ్గట్టి కుముద గోడ దూకింది. అచ్చు పైన టార్పాలిన్ ఒక కొస తను ఎత్తి పట్టుకుంది. రెండో కొసకు మనిషి లేడు. కరిగిన కంచు కుండ ఎత్తడానికి అచ్యుతకు బచ్చప్ప కావాలి.

గోడ మీద గోవిందప్ప ముఖం లేచింది. అందులో డైనమైటు ఉంది.

“నాయనా, ముందు ఈ కొస పట్టుకో. తర్వాత తిట్టు.”

గోవిందప్ప గోడ దిగి పట్టుకున్నాడు.

ఎర్రటి కంచు సన్నని ధారగా అచ్చులోకి దిగింది. మధ్యలో ఆగితే బొమ్మ రెండు ముక్కలు. చివరికి గాలి రంధ్రంలోంచి కంచు పైకి తొంగిచూసింది.

“నిండింది,” అన్నాడు అచ్యుత.

“ఇంగ చెప్పండి. ఈ గోడ దూకింది బొమ్మ కోసమా, మనిషి కోసమా?” అడిగాడు గోవిందప్ప.

“ఆయప్పనే చెప్పమను,” అని కుముద అచ్యుత వైపు చూపించింది.

అచ్యుత తల వంచుకున్నాడు. “బొమ్మ బాగొస్తే మీ ఇంటికొచ్చి అడగల్లని ఉంటి సార్. పనిలేనోడికి పిల్లనెట్ల ఇస్తారని...”

“బ్యాంకు మంచిదే అంటివే?” అంది కుముద.

“అబద్ధం చెప్పినాను.”

గోడ మీద నుంచి కళ్ళజోడు తుడుచుకుంటూ పెళ్ళికొడుకు అన్నాడు: “మీరు మాట్లాడుకోండి సార్. మాకు కోలారు బస్సుండాది.”

గోవిందప్ప చాలాసేపు గొణిగాడు. “రేపు అచ్చు పగలగొట్టేటప్పుడు మీ అమ్మను పిల్చుకొని రాప్పా. బొమ్మ బాగుంటే చూస్తాం.”

“బాగలేకున్నా చూస్తాం నాయనా,” అంది కుముద.

మర్నాడు అచ్యుత తల్లి చెన్నమ్మ సంచితో వచ్చింది. అచ్యుత మట్టి పగలగొట్టాడు. భుజాన డ్రిల్లుతో, నల్లగా కార్మికుడు బయటపడ్డాడు. గోవిందప్ప చుట్టూ తిరిగి తనిఖీ చేశాడు.

“హెల్మెట్ అంచులో బెజ్జం ఉండాదే.”

“అది పూడ్చేస్తాను మామా,” అని అచ్యుత నాలుక కరుచుకున్నాడు.

గోవిందప్ప అతన్ని చూశాడు. కుముదను చూశాడు. తర్వాత చెన్నమ్మ వైపు తిరిగాడు.

“తాంబూలాలు మార్చుకునేదానికి సంచిలో వక్కాకు ఉండాదా అమ్మా, ఉత్త చేతులతోనే వచ్చినారా?”