గుల్లల మీద సుడి

రేపల్లె బండి తెనాలిలో ఆగేసరికి హెప్సిబా దగ్గరున్న సరుకు ఇంతే: ఒక టిఫిన్ బాక్సు, ఐదేళ్ల తమ్ముడు బాబీ, వాడికి తను బట్టీ పట్టించిన ఎక్కాలు.

తెనాలిలో చురుకైన చిన్నపిల్లల కోసం శనివారం తరగతి పెట్టారు. ఈ రోజు విజయ టీచర్ చూసి సరేనంటేనే బాబీకి చోటు. వెంట వచ్చిన అమ్మ బడి వరండాలో ఆగింది. చిన్నవాళ్లు బెదరకుండా అక్కనో అన్ననో పక్కన కూర్చోనిస్తారు.

టీచర్ ఎక్కాలు అడగలేదు. సూర్యలంకలో ఏరిన నత్తగుల్లలు చేటలో పోసింది.

"వీటిల్లో నీకేం కనపడుతుందో చెప్పు నాన్నా."

బాబీ ఒక గుల్ల తీసి తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు.

హెప్సిబా ఆగలేకపోయింది. వాళ్ల కిరాణా కొట్లో ఎవరినీ నిలబెట్టకూడదు. నోరు తెరిచేలోపే సరుకు చేతిలో పెట్టాలి. అది నాన్న పద్ధతి. అందుకే వాడి చెవిలో చెప్పేసింది.

"పెద్దవి ఇటు, చిన్నవి అటు పెట్టెయ్‌రా."

బాబీ పెట్టేశాడు.

"ఇది అక్కకు కనపడింది," అని నవ్వి, టీచర్ అన్నీ మళ్లీ కలిపేసింది. "ఇప్పుడు నువ్వు చూడు. తొందరేం లేదు."

తనవల్లే చోటు పోయిందనుకుంది హెప్సిబా. పెదాలు బిగించి, చేతులు ఒళ్లో కట్టేసుకుని కూర్చుంది.

బాబీ గుల్ల మీద వేలు తిప్పాడు. ఇంకోటి తీశాడు. మరోటి. తర్వాత తన నెత్తి తడుముకున్నాడు.

"అక్కా, వీటికీ సుడి ఉంది. అన్నీ ఒకే వైపు తిరిగాయి."

హెప్సిబా చూసింది. బొటనవేలంత గుల్లా అటే తిరిగింది, పెసరగింజంత గుల్లా అటే తిరిగింది. సూర్యలంకలో ఎన్నిసార్లు దోసిళ్లతో ఏరుకుంది ఇవే గుల్లల్ని! అంత సముద్రంలో ఇన్నిటికీ అటే తిరగమని ఎవరు చెప్పారు? తనూ ఒక గుల్ల తీసి వేలు తిప్పింది.

"ఎదురు తిరిగేది ఉండదా టీచర్?" అన్నాడు బాబీ.

"అరుదుగా ఉంటుందంటారు. నాకింకా దొరకలేదు. వచ్చే శనివారం రా, కలిసి వెతుకుదాం."

ఒక గుల్ల వాడి జేబులో వేసింది.

సాయంత్రం కొట్టుకు పక్కింటి లక్ష్మమ్మత్త సరుకులకు వచ్చింది.

"ఏరా, పెద్ద చదువుల్లో చేరావంటగా. పన్నెండో ఎక్కం చెప్పు."

బాబీ పురికొస ఉండ పట్టుకుని, దాని మెలిక విప్పి చూస్తున్నాడు.

"ఏంటే, పలకడేం?"

హెప్సిబా నోటిదాకా వచ్చిన ఎక్కాన్ని మింగేసింది.

"ఏదో చూస్తున్నాడత్తా. కాస్త ఆగు."

ఆ కొట్లో బేరానికొచ్చిన మనిషిని ఆగమనడమా? నాన్న తక్కెడ దించి చూశాడు. లక్ష్మమ్మత్త మాత్రం పురికొస మీదకు వంగింది.

పొద్దున తీసుకెళ్లిన ఎక్కాలు ఒక్కటీ ఖర్చు కాలేదు. వచ్చిందేమో, జేబులో ఒక గుల్ల, ఇంకా దొరకాల్సిన గుల్ల ఇంకొకటి.