పెదవి కదపని పిల్ల

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో టీవీ మోగాల్సిందే. పెట్టేది మనవరాలు, వినేది అమ్మమ్మ. వినేది అనడమే సరైన మాట. అమ్మమ్మకు చూపు పోయి చాలా కాలమైంది. కిటికీ ఎటుందో, దీపం వెలిగిందో లేదో తెలుస్తుంది, అంతే. మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకుంటుంది. పాలు పోసేవాడైనా, పక్కింటావిడైనా, కన్న కూతురైనా నోరు విప్పేదాకా ఆమెకు ఒక్కటే.

మనవరాలికి మాత్రం ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అది నోరు మూసిన సందర్భం ఎవరికీ గుర్తులేదు. అందుకే అమ్మమ్మ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. అసలు పేరు సర్టిఫికెట్లలో మిగిలింది.

పిచ్చుక ఫోను ముందు కూచుని పరాయి దేశాల సీరియళ్ల మీద అభిప్రాయాలు చెప్పేది, వేలమంది వినేవాళ్లు. చైనా రాజభవనాల కథలంటే ఆమెకు ఒళ్లు మంట. రాణులు భాగం తర్వాత భాగం ఒకళ్లకొకళ్లు విషం పెట్టుకుంటూనే ఉంటారు, ముందుగా రుచి చూడాల్సిన దాసీపిల్ల నురగలు కక్కుకుని పడిపోతే కెమెరా ఒక్క క్షణం కూడా అక్కడ ఆగదు, రాణిగారి కన్నీటి మీదికి పోతుంది. కొరియా కథలో కోటీశ్వరుడు ఉద్యోగం చేసుకునే పిల్ల మణికట్టు పట్టుకుని ఈడ్చుకుపోతే వెనక వయొలిన్ వాయిస్తారు. అదే పని వీధిలో చేసినవాడికి వాయించేది పోలీసులు. జపాన్ వాళ్లు కథ పొట్టిగా తేల్చేస్తారు, అందులో మెచ్చుకోవాలి, కానీ వాళ్ల గుమాస్తా చేయని తప్పుకు నడుం వంచి క్షమాపణ చెబుతూనే ఉంటాడు, అతని వెన్ను నిటారుగా అయ్యే భాగం ఎప్పుడొస్తుందో చెప్పరు. థాయ్ కథల్లో చెంపదెబ్బల మధ్య ఖాళీ దొరికితే ప్రేమ. ఇలా సాగేది. ప్రతి వీడియో చివర పిడికిలి ఎత్తి, గొంతు లేనివాళ్లకు గొంతునవుదాం అనేది. ఆ మాట ఎక్కడ చదివిందో ఆమెకే గుర్తులేదు. ఊరేగింపుల అట్టల మీద అందరూ రాసే మాటే.

ఇన్ని తిట్టి, ఒక్క భాగం కూడా వదిలిపెట్టేది కాదు. దుప్పటి ముసుగులో ఏడ్చేది కూడా. అది వీడియోలో చెప్పేది కాదు.

ఆ మధ్య వచ్చిన కొత్త రాజభవనం కథలో ఒక దాసీపిల్ల ఉంది. రాణిగారి కొప్పులోని తలసూది పోయిందని, ఆ పిల్లను వాకిట్లో మంచులో మోకాళ్ల మీద కూచోబెడతారు. సూది ఎవరు తీశారో తేలదు. ఆ పిల్లను లెమ్మని ఎవరూ అనరు. తర్వాత ప్రతి భాగంలోనూ ఎక్కడో వెనక, స్తంభాల సందున, తల వంచుకుని ఆ పిల్ల అలాగే ఉంటుంది. ఒక్క మాట మాట్లాడదు. చివర్లో నటుల పేర్లు వేసేటప్పుడు కూడా ఆమె పేరు రాదు.

ఆ సంగతి పిచ్చుక ఆవేశంగా చెబుతుంటే అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. అలాంటి పిల్ల ఉందా ఇందులో, మొదట్నుంచీ వింటూనే ఉన్నాను, నాకు ఎక్కడా తగల్లేదే అంది.

"మాట లేకపోతే మనిషే లేనట్టా అమ్మమ్మా?"

"నా వరకు అంతే కదే పిచ్చుకా. రేపు నువ్వు నోరు మూసుకుని నా ఎదురుగా కూచున్నా, నువ్వు లేనట్టే."

ఆ మాట పిచ్చుకకు ముల్లులా గుచ్చుకుంది. ఆ వారం వీడియోలో తెలుగు డబ్బింగు చేసేవాళ్లను ఉతికి ఆరేసింది. రాణులకు తేనె గొంతులు, దాసీలందరికీ కలిపి ఒకే ముక్కు గొంతా అని నిలదీసింది. ఆ వీడియో చూసిన డబ్బింగు స్టూడియో వాళ్లు కోప్పడలేదు. అంత నోరున్న పిల్ల మాకు కావాలి, వచ్చి చేసి చూపించమని కబురు పెట్టారు. అదే కథలో చిన్న రాకుమారికి గొంతు ఇవ్వమన్నారు. రాకుమారి అనేసరికి పిచ్చుక మొహం మాడ్చుకుంది గానీ, వెళ్లింది.

డబ్బింగు చెప్పే గది చిన్నది. గోడల నిండా బూడిదరంగు స్పాంజి, కింద మందపాటి తివాచీ. కిటికీ లేదు. తలుపు మూస్తే పట్టపగలైనా చిమ్మచీకటి. ఎదురుగా బొమ్మ కనిపించే తెర, పక్కన అద్దం. అద్దం అవతలి గదిలో సౌండ్ ఇంజనీరు కూచుని, మీట నొక్కి హెడ్‌ఫోన్‌లో మాట్లాడతాడు. రికార్డింగు సాగినంతసేపూ ఏసీ ఆపేస్తారు, దాని రొద మైకులో పడుతుందని. చెమటలు కారుతుంటే చెప్పాలి, నువ్వు మంచులో ఉన్నట్టు.

నడివయసు మనిషి ఆ ఇంజనీరు. పిచ్చుక అతన్ని అన్నా అనేది. మొదటిరోజే అతను ఒక కట్టుబాటు చెప్పాడు. అక్కడి పాతవాళ్లెవరూ దాటనిది. పెదవి కదలని మనిషికి మాట పెట్టకూడదు.

కారణం అడిగితే తల గోక్కున్నాడు.

"కదిలే పెదవి దగ్గర పెడితే మాట దానికి అతుక్కుంటుంది. కదలనిదానికి పెట్టామనుకో... ఎక్కడికి పోయి అతుక్కుంటుందో తెలీదు కదమ్మా."

"దీన్నే అణచివేత అంటారన్నా."

"నువ్వు అణగవులే తల్లీ. కాస్త మైకుకు దూరంగా జరుగు, చెవులు పోతున్నాయి."

అసలు సంగతి జరిగిందీ ఒక మధ్యాహ్నమే. బయట ఎండ మండిపోతోంది. పిచ్చుక రాకుమారి మాటలన్నీ చకచకా చెప్పేసింది. ఆఖరి సీను మిగిలింది. రాకుమారి కిలకిలా నవ్వి, వాకిలి దాటి లోపలికి పోతుంది. ఆ తర్వాత కాసేపు తెర మీద ఎవరూ ఉండరు. మంచు. స్తంభాలు. వెనక, మోకాళ్ల మీద, ఆ పిల్ల.

పిచ్చుక నవ్వింది, మాట చెప్పింది. అవతల ఇంజనీరు ఫోను మోగింది. ఒక్క నిమిషం అని అద్దంలోంచి సైగ చేసి వరండాలోకి వెళ్లాడు. రికార్డింగు ఆపడం మరిచిపోయాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

తెర మీద మంచు కురుస్తోంది.

ఇదే అదను అనుకుంది పిచ్చుక. ఒక్క మాట. ఎవరూ పట్టించుకోరు. ఆ ఒక్క మాటతో అమ్మమ్మకు తెలుస్తుంది, ఈ కథలో ఇలాంటి పిల్ల ఒకతి ఉందని. రాకుమారి కోసం తెచ్చిపెట్టుకున్న సన్న గొంతు వదిలేసి, తన గొంతుతోనే, మైకుకు దగ్గరగా జరిగి మెల్లగా అంది.

"అమ్మా, చలేస్తోంది. నన్ను లోపలికి రానివ్వండి."

ఆ పిల్ల తల ఎత్తింది.

అంతకుముందు ఎన్నిసార్లో చూసిన సీను అది. తల ఎత్తడం అందులో లేదు. పిచ్చుక కళ్లు నులుముకుంది. తెల్లటి మొహం... పాలిపోయిన పెదవులు... చూపు వాకిలి వైపు కాదు. నేరుగా ఇటు.

అప్పుడు వాసన వచ్చింది. తడిసిన పట్టుబట్ట వాసన. ఆరిపోయిన కుంపటి వాసన. ఏసీ ఆపిన ఆ ఉక్కపోత గదిలో పిచ్చుక చేతుల మీద రోమాలు లేచాయి.

ఇంజనీరు తిరిగొచ్చాడు. ఏం జరిగిందని అడగలేదు. అలవాటుగా వెనక్కి తిప్పి వినిపించడం మొదలెట్టాడు. రాకుమారి నోరు తెరిచింది. శబ్దం లేదు. నవ్వింది. శబ్దం లేదు. పెదవులు ఆడుతున్నాయి, అంతే. అతను మీటలు అటూఇటూ తిప్పాడు. ఉదయం నుంచి చెప్పినవన్నీ తీసి చూశాడు. అన్నీ ఖాళీ. చివరికి మంచు సీను దగ్గర మాత్రం గొంతు పలికింది. చలేస్తోంది. నన్ను లోపలికి రానివ్వండి.

ఆ పిల్ల పెదవులు ఆ మాటకు అచ్చంగా అతికాయి.

"ఇదెవరు చెప్పమన్నారే నిన్ను?" ఇంజనీరు మీట నొక్కి అడిగాడు.

పిచ్చుక జవాబు చెప్పబోయింది. నోరు తెరుచుకుంది. నాలుక కదిలింది. మాట రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది... తెల్లగా, పొగలా. ఆ వేడి గదిలో.

గొంతు పట్టుకుని గట్టిగా అరవాలని చూసింది. ఏమీ లేదు. దగ్గు కూడా నిశ్శబ్దంగా వచ్చింది. తీసెయ్యమని అద్దం మీద బాదింది. కొట్టేయమన్నట్టు వేలితో గీతలు గీసి చూపించింది. అతనికి అర్థమైంది. ఆ మాటను తుడిచెయ్యడానికి మీట నొక్కాడు.

హెడ్‌ఫోన్‌లో పిచ్చుక గొంతు ఆగలేదు.

"లోపల ఎవరున్నారు?" అని అడిగింది. పిచ్చుక ఎన్నడూ అనని మాట. అదే గొంతు తనకు తానే బదులిచ్చుకుంది. గుర్తు తెచ్చుకుంటున్నట్టు. "అమ్మమ్మ ఉంది. ఒక్కతే ఉంది. కళ్లు కనపడవు."

పిచ్చుక హెడ్‌ఫోన్ పీకి పారేసింది. తెర వైపు చూసింది.

మంచు కురుస్తోంది. స్తంభాలున్నాయి. పిల్ల లేదు. ఆమె కూచున్న చోట మంచులో రెండు గుంటలు మాత్రం ఉన్నాయి, పక్కపక్కన, గుండ్రంగా.

ఇంజనీరు వెనక నుంచి పిలుస్తున్నా ఆగలేదు. మెట్లు దిగి వీధిలో పడింది. ఎండ. హారన్లు. మామూలు మనుషులు. పరుగెత్తుతూనే ఇంటికి ఫోను చేసింది. అమ్మమ్మ ఎత్తింది. హలో, ఎవరు అంది. పిచ్చుక ఊపిరంతా కూడగట్టి నోరు తెరిచింది.

"ఎవరో మాట్లాడకుండా ఊపిరి పీలుస్తున్నారే," అని అమ్మమ్మ అవతల ఎవరితోనో అంటోంది. ఫోను పెట్టేసింది.

ఇంట్లో ఆ సమయంలో అమ్మమ్మ తప్ప ఎవరూ ఉండరు. అమ్మ పని నుంచి చీకటి పడ్డాకే వస్తుంది.

వీధి తలుపు తెరిచే ఉంది. వరండాలో తడిసిన పట్టు వాసన. లోపలి నుంచి మాటలు. తన గొంతే. తను సాగదీసే మాటలే, తను ఊపిరి తీసుకునే చోటే ఆగడం.

"ఆ రాణి మంచిది కాదమ్మమ్మా. తలసూది ఆవిడే దాచింది. పనిపిల్లల మాట ఎవరు వింటారని."

"అవునా? ఇంకా ఆ భాగం రాలేదు కదే, నీకెలా తెలుసు?"

"నాకు తెలుసు."

పిచ్చుక గుమ్మం దగ్గర నిలబడిపోయింది. గదిలో అమ్మమ్మ మంచం మీద కూచుని ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. టీవీ ఆపేసి ఉంది. అమ్మమ్మ చెయ్యి మాత్రం మంచం పక్కన గాలిలో మెల్లగా కదులుతోంది, నేల మీద కూచున్న మనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో.

"జుట్టేంటే ఇంత తడిగా ఉంది? ఇందాకటి నుంచీ చెబుతున్నా, ఆ మోకాళ్ల మీద కూచోకు, లేచి పైన కూచో."

"ఇప్పుడు లేస్తానమ్మమ్మా," అంది ఆ గొంతు. సంతోషంగా.

పిచ్చుక ఒక్క ఉరుకున వెళ్లి అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. నేనే, నేనే అని పెదవులతో అంది. ఆ చేతిని తన మొహానికి అదుముకుంది. అమ్మమ్మ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది.

"ఎవరిది? చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. పిచ్చుకా... ఎవరే వచ్చింది?"

"ఎవరూ కాదమ్మమ్మా. పనిపిల్ల." ఈసారి గొంతు కింది నుంచి రాలేదు. మంచం మీద, అమ్మమ్మ పక్క నుంచి వచ్చింది. "దానికి మాటలు రావు."

"అయ్యో పాపం," అంది అమ్మమ్మ. మొహం పిచ్చుక వైపు తిప్పి, ఎక్కడో ఆమె భుజం దాటి చూస్తూ, కొత్తవాళ్లతో మాట్లాడే మర్యాదతో అంది, "నిలబడ్డావేమమ్మా, కూచో."

పిచ్చుక కిందికి చూసింది. మంచం పక్కన గచ్చు మీద రెండు గుండ్రటి తడి మరకలు ఉన్నాయి. చూస్తుండగానే అవి ఆరిపోతున్నాయి.

ఆమె ప్యాంటు మీద, రెండు మోకాళ్ల దగ్గరా, తడి మొదలైంది.